కారుకో కొక్కెం

కొత్త ఇంటికి మీటరు కావాలంటే అర్జీ పెట్టాలి, డిపాజిట్ కట్టాలి, లైన్‌మన్ దయ కోసం ఎదురుచూడాలి. కారులో కొత్త లైను లాగాలంటే ఇవేమీ అక్కర్లేదు. విజయవాడ ఆటోనగర్‌లో ప్లాస్టిక్ స్టూలు మీద పావుగంట కూర్చుంటే చాలు. ఇంత స్వేచ్ఛ చేతిలో ఉండి కూడా చాలామంది వాడుకోవడం లేదన్న బాధతోనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మా సెల్లార్లో ఎవరో నా కారు బంపరు గీశారు. ఎవరో ఏమిటి, 302 ఫ్లాట్ ఆయనే అని నా అనుమానం. రుజువు లేదు. రుజువు కోసం కారు అద్దానికి తగిలించే కెమెరా కొన్నాను. కెమెరాకి కరెంటు కావాలి. కథంతా ఇక్కడే మొదలైంది.

కారులో కరెంటు దొరికే చోటు ఒకటుంది. అది సిగరెట్ ముట్టించుకోవడానికి పుట్టిన బొక్క. మా వంశంలో తాతగారి చుట్టతో పొగ ఆగిపోయింది. అయినా ఇవాళ్టికీ మా ఫోన్ ఛార్జరు, టైర్లకు గాలి కొట్టే పంపు, అన్నీ సిగరెట్ లైటరు ఆకారం దాల్చి ఆ బొక్కలోకే దూరాలి. కొత్త కార్లలో లైటరు పోయింది, బొక్క మిగిలింది. మూత మీద 12 వోల్టులు, 120 వాట్లు అని రాసి ఉంటుంది. కుళాయి ఒక్కటే, బిందెలు ఏడు. పైగా మా కారులో కీ తీస్తే ఆ కుళాయి కూడా కట్టేస్తారు. నాకు కెమెరాతో పని కారు ఆగి ఉన్నప్పుడే కదా! నేను నడుపుతుండగా 302 ఆయన వచ్చి గీయడు.

మా బావమరిది ఈఈఈ చదివి సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డాడు కాబట్టి కరెంటు మీద ఇంకా భక్తి పోలేదు. ఫోన్ చేసి ఒకటే పాఠం. "బావా, కెమెరాతో పాటు వైరింగ్ కిట్ కొను. పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండే చోట, ఎరుపు వైరు కీ తిప్పితేనే కరెంటు వచ్చే చోట, నలుపు బాడీకి. వైర్లు కోయొద్దను. ఫ్యూజు బాక్సులో ఉన్న ఫ్యూజు చోటు నుంచే ఇంకో లైను ఇచ్చే ఫ్యూజు ట్యాప్ పెట్టించు, 2, 3 యాంపుల ఫ్యూజు చాలు. ఎయిర్‌బ్యాగు, బ్రేకుల ఏబీఎస్ ఫ్యూజుల జోలికి మాత్రం పోనివ్వకు." పాపం, అనుభవం లేని మనిషి.

ఆటోనగర్‌లో మేస్త్రి ఆ కిట్ చూసి నవ్వాడు. మూడు వైర్ల మధ్య చిన్న డబ్బా ఒకటుంది. బ్యాటరీ 12 వోల్టుల దగ్గరికి దిగగానే కెమెరాని ఆపేసి, ఇంజిన్ స్టార్ట్ కావడానికి సరిపడా కరెంటు మిగల్చడం దాని పని. "ఈ డబ్బానే సార్ ట్రబుల్ ఇచ్చేది. తీసేసి డైరెక్ట్ ఇచ్చేస్తా" అన్నాడు. డైరెక్ట్ అన్న మాటలో ఎంత ధీమా ఉంది! దళారులు లేరు, కమిషన్లు లేవు. రైతుకి దక్కని భాగ్యం నా కెమెరాకి దక్కింది.

స్టీరింగ్ కింద తల దూర్చి, ఒక వైరుని పళ్లతో ఒలిచి, మన వైరు దానికి మెలేసి, నల్ల టేపు చుట్టాడు. "అది ఏ వైరు?" అన్నాను. "ఏదో ఒకటి లెండి సార్, కరెంటు వస్తోందిగా." జాతరకి స్తంభం మీద కొక్కెం వేసి సీరియల్ బల్బులు వెలిగించిన జాతి మనది. ఆ విద్య అంతరించిపోలేదు, కారెక్కిందంతే.

ఈలోగా వైరు కొస బాడీకి తగిలి చిటుక్కుమంది. 10 యాంపుల ఎర్ర ఫ్యూజు పోయింది. దాని స్థానంలో 20 యాంపుల పసుపుది దించాడు. ఎరుపు పోయి పసుపు రావడం బెజవాడకి కొత్తేమీ కాదు కాబట్టి నేనూ పట్టించుకోలేదు. ఫ్యూజు ఉన్నది కెమెరా కోసం కాదట, వైరు కోసమట. సన్నటి వైరు ముందు 20 యాంపులు పెడితే, తేడా వచ్చిన రోజున ఫ్యూజు నిక్షేపంగా ఉంటుంది, కాలేది వైరు. ఇది కూడా బావమరిది వాక్కే. మా నాన్నగారు పింగాణీ ఫ్యూజులో ఒక పోగు వేస్తే మాటిమాటికీ పోతోందని మూడు పోగులు మెలేసి వేసేవారు. పెద్దలు చూపిన దారి వదిలి నడవలేను.

పని అయిపోయేదే, అమ్మ కల్పించుకుంది. డ్యాష్‌బోర్డు మీద వెంకన్న ముందు ఎల్‌ఈడీ దీపం ఉంది. "కీ తీయగానే స్వామికి చీకటేమిట్రా?" అంది. మేస్త్రి భక్తుడు. దీపాన్నీ ఆ డైరెక్ట్ లైనుకే కలిపేశాడు, డబ్బులు కూడా తీసుకోలేదు.

తరవాత అందరం రైల్లో తిరుపతి వెళ్లాం. నాలుగు రోజులు. కెమెరా తాగేది 0.3 యాంపులే. కానీ అది కునుకు తీయదు కదా, రోజుకి 7 యాంపియర్ అవర్లు. నాలుగు రోజులకి 28. నా బ్యాటరీ మొత్తమే 35. ఇంజిన్ తిరగాలంటే ఆ క్షణంలో వంద యాంపుల పైమాటే కావాలి. తిరిగొచ్చి కీ తిప్పితే టక్ టక్ టక్ మని ఊరుకుంది. కెమెరా కన్ను మూసింది. మెమరీ కార్డులో రెండు పిల్లులు, మా వాచ్‌మన్ నిద్ర. స్వామి దీపం మాత్రం మిణుకు మిణుకుమంటూనే ఉంది. అమ్మ లెంపలేసుకుని దండం పెట్టింది.

షోరూంకి ఫోన్ చేస్తే వారంటీ గురించి వాళ్లన్న మాటలు పత్రికలో రాయదగినవి కావు.

చివరికి కేబుళ్లు పట్టుకుని దిగింది 302 ఆయనే. తన కారు నా కారుకి ఎదురుగా తెచ్చి, ఎరుపుకి ఎరుపు కలిపి స్టార్ట్ చేయించాడు. సెల్లారు ఇరుకు. కారు తెచ్చి ఆనించేటప్పుడు ఆయన బంపరు నా బంపరుని మెత్తగా రాసుకుని ఆగింది. ఇద్దరం ఆ గీత చూశాం. కెమెరా చూడలేదు.

"సారీ అండీ" అన్నాడు. కేబుళ్లు చుట్టుకుంటూ అద్దం వైపు చూసి, "కెమెరా బావుందండీ. నాకూ ఒకటి పెట్టించుకోవాలని ఉంది. ఎక్కడ చేయించారు?" అని అడిగాడు.

ఆటోనగర్ అడ్రసు రాసిచ్చాను. డైరెక్ట్ ఇమ్మని గట్టిగా చెప్పమన్నాను.