మళ్లీ బకెట్లేనా?

చెన్నై పక్కన ఎన్నూరు దగ్గర 2017 జనవరిలో రెండు నౌకలు ఢీకొన్నప్పుడు చమురు కారలేదని రేవు అధికారులు మొదట బుకాయించారు. అది మడ్డిలా ఒడ్డురాళ్ల మధ్య పేరుకున్నాక బకెట్లతో తోడింది మత్స్యకారులు, సాయానికి వచ్చిన విద్యార్థులు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వరదతో అదే ఎన్నూరు వాగులోకి చమురు చేరితే మళ్లీ మత్స్యకారులే, మళ్లీ బకెట్లే. 2025 మే 25న కొచ్చి దగ్గర ఎల్సా-3 నౌక 640 కంటైనర్లతో, 367 టన్నుల ఫర్నేస్ ఆయిల్‌తో (నౌకలు వాడే చిక్కటి ఇంధనం) మునిగింది. ఆ కంటైనర్లలోంచి తిరువనంతపురం దాకా కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ పూసలను ఇసుకలోంచి జనం చేత్తో ఏరారు. నష్టపోయినవాడే ఒంటిచేత్తో శుభ్రం చేసుకోవడం ఈ దేశంలో ఆనవాయితీగా మారుతోంది. ఆ ఆనవాయితీ శ్రీకాకుళం తీరానికి రాకూడదు.

మూలపేటలో రేవు రూపుదిద్దుకుంటోంది. దక్షిణాన విశాఖ, ఉత్తరాన గోపాల్‌పూర్, పారాదీప్; వాటి మధ్య నౌకలు తిరిగే దారి మన ముంగిటిదే. 2010 ఏప్రిల్‌లో గోపాల్‌పూర్ వద్ద ఒక నౌక నుంచి ఫర్నేస్ ఆయిల్ కారింది. అక్కడి నుంచి ఇచ్ఛాపురం ఎంత దూరం?

రేవు ఇంకా మొదలే కాలేదని, విశాఖలో కోస్ట్‌గార్డ్ సిద్ధంగా ఉందని అంటారు. కోస్ట్‌గార్డ్ సమర్థతపై మాకు అనుమానం లేదు. కానీ 1996 నుంచి అమల్లో ఉన్న జాతీయ చమురు విపత్తు ప్రణాళిక ప్రకారం దాని బాధ్యత సముద్రం మీద. రేవు పరిధిలో రేవుది. ఒడ్డుకు చేరిన చమురును తొలగించాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. అంటే కలెక్టరు, తహసీల్దారు, మత్స్యశాఖ. వారి చేతిలో ఏముంది?

ఫర్నేస్ ఆయిల్ నీటితో కలిసి చిక్కబడి, పోటుతో నదీముఖాల్లోకి ఎక్కుతుంది. కళింగపట్నం వద్ద వంశధార మొగకు అడ్డంగా, చమురును ఆపే తేలే కట్టను (బూమ్) చమురు రాకముందే లాగాలి. వచ్చాక లాగితే అది చమురును లోపలే బంధిస్తుంది. ఆ కట్ట ఎక్కడ నిల్వ ఉంది, ఎవరి పడవ లాగుతుంది, అర్ధరాత్రి ఫోను ఎవరు ఎత్తుతారు? నౌపడలో ఉప్పుమళ్లకు నీళ్లు పెట్టే కాలువలోకి ఆ జిడ్డు ఒక్కసారి చేరితే ఆ ఉప్పును ఎవరు కొంటారు? తేలినీలాపురం కొంగలు ఆ నౌపడ బురదనేలల్లోనే మేత వెతుక్కుంటాయి. చలికాలం చివర ఇదే ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి.

మడ్డి పట్టిన నైలాన్ వలను కిరోసిన్‌తో ఎన్నిసార్లు ఉతికినా దారం కణుపుల్లో నలుపు మిగులుతుంది, అందులో పడిన చేపకు వాసన అంటుతుంది. ఆ చేపను గంపలో పెట్టుకుని ఊళ్లోకి వెళ్లే మహిళకు ఎదురయ్యే మొదటి ప్రశ్న వాసన గురించే. ఆ వల ఖరీదు నౌక యజమాని నుంచి రాబట్టే హక్కు చట్టంలో ఉంది. కేరళ ప్రభుత్వం ఎల్సా-3 యజమానులపై రూ.9,531 కోట్లకు హైకోర్టుకు వెళ్లింది కూడా. అయితే నష్టాన్ని రుజువు చేయాలంటే రోజువారీ వేట లెక్క కావాలి. బుడగట్లపాలెంలోనైనా, విజయనగరం జిల్లా చింతపల్లిలోనైనా ఒడ్డునే అమ్ముడుపోయే చేపకు రసీదు ఎవరిస్తున్నారు? రేపు కోర్టులో ఆ కుటుంబాలు ఏ కాగితం చూపుతాయి?

జిల్లా చమురు విపత్తు ప్రణాళికను తెలుగులో, ప్రతి మత్స్యకార గ్రామ సచివాలయంలో గోడకు అంటించాలి. మూలపేటలో మొదటి నౌక లంగరు వేయకముందే ఒక్కసారైనా నదీ మొగల దగ్గర చమురును అడ్డుకునే విన్యాసం చేసి చూపించాలి. చేతొడుగులు, బూట్లు, కూలి లేకుండా ఏ ఒక్క మత్స్యకారుడినీ మడ్డిలోకి దించబోమని రాతపూర్వకంగా చెప్పాలి. రేవు శంకుస్థాపన 2023 ఏప్రిల్‌లో జరిగింది. ఇంతకాలం శిలాఫలకాలకు, సభలకు తీరిక దొరికిన పాలకులకు ఈ మూడు పనులకు తీరిక ఎందుకు లేదో వారే జవాబు చెప్పాలి.