అల్మారాకు పాస్‌వర్డ్ పెట్టిద్దాం

"అంతా ఆన్‌లైన్‌లో ఉందిగా, ఈ కాగితం జర్నల్స్ ఇంకా దేనికి?" లైబ్రరీ బడ్జెట్ మీటింగ్ ఎక్కడ జరిగినా ఈ ప్రశ్న వేసే మహానుభావుడు ఒకాయన ఉంటాడు. లైబ్రరీలో అడుగుపెట్టి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తుండదు. అయినా ఆయన బాధ న్యాయమైనదే. కాగితం మీద అచ్చయ్యే పరిశోధన జర్నల్ నిజంగా వెనకబడిన వస్తువు. చందా ఆపేసినా సిగ్గులేకుండా అరలోనే కూర్చుంటుంది.

కాబట్టి దాన్నీ ఆధునికం చేద్దాం. చందా ముగిసిన రోజు అర్ధరాత్రి ప్రచురణకర్త మనుషులు గోనెసంచులతో దిగాలి. ఇరవై ఏళ్లుగా డబ్బు కట్టి, బైండు చేయించి దాచుకున్న వాల్యూములన్నీ ఎత్తుకుపోవాలి. లైబ్రేరియన్ అడ్డుపడితే "కొన్నారని ఎవరు చెప్పారండీ? చదువుకోనిచ్చాం, అంతే" అనాలి. మామూలు రోజుల్లో అల్మారా ముందు ఒక గుమాస్తా కూర్చుంటాడు. పాస్‌వర్డ్ అడుగుతాడు. చెప్తే తప్పంటాడు. నిరుడు పట్టా పుచ్చుకున్న కుర్రాణ్ని గుమ్మంలోనే ఆపేస్తాడు. మిగతావాళ్లకు ట్రాఫిక్ లైట్ల బొమ్మలు చూపించి, మనుషులేనని రుజువు చేసుకోమంటాడు. ఇన్ని దాటి తలుపు తీస్తే లోపల చీటీ: "తాజా సంచికలు పన్నెండు నెలల తర్వాత."

నవ్వొస్తోందా? స్క్రీన్ మీద ఇదే జరిగితే సౌకర్యం అంటున్నాం.

1665లో లండన్ రాయల్ సొసైటీ వాళ్లు మొదలుపెట్టిన జర్నల్ తొలి సంచిక కాగితం మీద ఇప్పటికీ ఉంది, ఏ చందా రెన్యువల్‌తోనూ పనిలేకుండా. 2019లో కాలిఫోర్నియా యూనివర్సిటీ ఎల్సెవియర్ అనే పెద్ద జర్నల్ ప్రచురణ సంస్థ చందా మానుకుంటే కొత్త వ్యాసాలకు దారి మూసేశారు. రాజీ కుదిరింది 2021లో. పాతవి చాలావరకు దక్కాయంటే, ఆ హక్కు ఒప్పందంలో ముందే రాయించుకున్నారు కాబట్టి. అంత పెద్ద యూనివర్సిటీకి లాయర్లుంటారు. చిన్న లైబ్రరీకి ఎవరుంటారు?

ఇక్కడే ఒళ్లు మండుతుంది. వ్యాసం రాసినవాడికి ప్రచురణకర్తలు పైసా ఇవ్వరు. దాన్ని చదివి తప్పొప్పులు తేల్చినవాడికీ ఇవ్వరు. ఆ ఇద్దరూ పనిచేసే చోటి లైబ్రరీకే దాన్ని అద్దెకిస్తారు, ఏటా అద్దె పెంచుతారు. కట్టలేకపోతే ఇన్నేళ్ల డబ్బుకు మిగిలేది ఒక ఎర్రర్ పేజీ. ఇది దోపిడీ. దీనికి ఇంకో మర్యాదైన పేరు నా దగ్గర లేదు.

కాగితానికి చోటు కావాలి, దుమ్ము పడుతుంది, నిజమే. మన మహానుభావుడు కూడా రిటైరయ్యాక ఎప్పుడో ఒకరోజు తన పాత వ్యాసం కోసం వస్తాడు. లాగిన్ ఎప్పుడో పోయుంటుంది. మూడో అల్మారా, కింది అర. దుమ్ము మాత్రం ఆయన్నే దులుపుకోమనండి.