మహారాజశ్రీ ‘వై’ గారి సముఖమునకు

అయ్యా,

ఉభయకుశలోపరి. ఇంగ్లీషువారి ప్రశ్నలన్నింటికీ తమరే పెద్ద దొర అనీ, తమరు నోరు విప్పితే ఎదుటివాడు చేతులు కట్టుకొని సంజాయిషీ చెప్పుకోవలసిందేననీ చిన్నప్పటి నుంచి నమ్ముతూ వచ్చాను. ఈ మధ్య తమ వంశవృక్షం నా కంటబడింది. అందులో దొరతనం మచ్చుకైనా కనబడలేదు, విభక్తి ఒక్కటే కనబడింది.

పాత ఇంగ్లీషులో తమరు స్వతంత్రమైన మాట కూడా కారు. నేటి ‘వాట్’కు పూర్వరూపమైన ‘హ్వాట్’ అనే పదానికి తృతీయా విభక్తి తగిలిస్తే తయారైన ‘హ్వీ’ తమరు. అర్థం ‘దేనిచేత’. చేతన్, చేన్, తోడన్, తోన్ అని మేము బడిలో వల్లెవేసిన ఆ విభక్తే. ఆ లెక్కన తమకు సరిజోడు మా ‘ఎందుచేత’, కాని పాపం దానికి ఇప్పుడు అర్జీల్లోను, పరీక్ష జవాబుల్లోను తప్ప పెద్దగా పని లేదు. ఇంట్లో, వీధిలో అంతా ‘ఎందుకు’దే రాజ్యం. దాని చివరనున్న ‘కు’ను మా వ్యాకరణం షష్ఠిలో కూర్చోబెట్టింది. ఎందుకైనా మంచిది, ఎందుకొచ్చిన గొడవ, ఎందుకూ కొరగాడు అంటూ అది చేయని చాకిరీ లేదు, అయినా దాన్ని చూసి భయపడినవాడూ లేడు.

తమ స్పెల్లింగు సంగతి కూడా మనవి చేయాలి. మొదట ‘హెచ్’ ముందు, ‘డబ్ల్యూ’ వెనుక ఉండేవి, పలకడమూ అలాగే పలికేవారు. 1066లో నార్మన్లు ఇంగ్లాండును జయించిన తరువాతి కాలపు లేఖకులు ఆ రెండింటినీ తారుమారు చేశారు. స్కాట్లాండులో నేటికీ ‘హ్వై’ అనేవారున్నారు గాని, మిగిలినవారిలో చాలామంది ‘హెచ్’ను కాగితానికే పరిమితం చేశారు. తమ బంధువు ‘హూ’ విషయంలో జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు: అక్కడ నోట ‘హెచ్’ మిగిలి, ‘డబ్ల్యూ’ మూగబోయింది.

ఇంకా పైకి వెళితే తమకూ సంస్కృతంలోని ‘కిం’కూ మూలధాతువు ఒక్కటే. ఇంగ్లీషుకూ సంస్కృతానికీ తల్లి అయిన మూలభాషలోని ‘క’ ధ్వని తమ వైపు ‘హ’గా మారింది. మొదటి మాట పేరునే తన పేరుగా పెట్టుకున్న కేనోపనిషత్తులోని ‘కేన’ కూడా తృతీయే. అంటే తమరు ఒక ఉపనిషత్తుకు దాయాదులన్నమాట. ఇంత గొప్ప చుట్టరికం ఉండి, ఆలస్యంగా వచ్చిన గుమాస్తాను గద్దించడానికి తిరుగుతున్నారు.

మావాళ్ళు తమకు చేసిన సేవ మాత్రం మరువరాదు. కాలేజీలో మా లెక్చరరు ఒకరు బోర్డుకు వీపు ఆనించి, సుద్దముక్క పైకెత్తి, ‘వై బికాజ్...’ అని ఆగేవారు. అది ప్రశ్న కాదని మాకు తెలుసు, ఎవరూ చేయి ఎత్తేవారం కాము. ‘ఎందుకంటే’ను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో దించితే వచ్చిన మాట అది. దొరలు విని నవ్వుతారట. నవ్వేముందు ‘బై కాజ్’ అన్నదే అతుక్కుపోయి ‘బికాజ్’ అయిందని గుర్తుచేసుకుంటే బాగుంటుంది. దేనిచేత, కారణంచేత! తృతీయ పక్కన తృతీయను కూర్చోబెట్టిన మా లెక్చరరు గారిది తప్పు ఎలా అవుతుంది?

అసలు ఫిర్యాదు ఇప్పుడు చెబుతాను. టయోటా కార్ఖానాల్లో తమను వరుసగా అయిదుసార్లు అడిగి లోపం వేరు పట్టుకునే పద్ధతి పుట్టింది. అది మా ఆఫీసుకూ వచ్చింది. ఒక రాత్రి సర్వరు పడిపోయింది, మర్నాడు మీటింగు పెట్టారు. వై? డిస్కు నిండింది. వై? పాత లాగ్ ఫైళ్ళు చెరగలేదు. వై? చెరిపే ప్రోగ్రాము వారంగా నడవడం లేదు. వై? ఆగినట్టు హెచ్చరిక ఎవరికీ వెళ్ళలేదు. అయిదోసారి మేనేజరు గారు కళ్ళజోడు తీసి, ‘ఆ రాత్రి డ్యూటీలో ఎవరు?’ అన్నారు. తమ వేషంలో ‘హూ’ వచ్చి కూర్చున్నారు. సంస్కృతంలో దేనిచేత అన్నా, ఎవనిచేత అన్నా ‘కేన’ ఒక్కటే సరిపోతుంది. ఆ సౌకర్యాన్ని మావాళ్ళు ఇంగ్లీషులోనే సాధించారు. కొత్తగా చేరిన కుర్రవాడు సంజాయిషీ రాసిచ్చాడు. ఆ ప్రోగ్రాము ఇప్పటికీ నడవడం లేదు.

కాబట్టి తమరు దయచేసి అయిదోసారికి కూడా స్వయంగా హాజరు కావలసిందిగా ప్రార్థిస్తున్నాను. జవాబు వ్రాయదలిస్తే ‘బికాజ్’తో మొదలుపెట్టవచ్చు. మా ఇంగ్లీషు మాస్టారు దానికి మార్కులు కోసేవారు గాని, నేను కోయను.

చిత్తగించవలెను.