సంతకం ముగ్గురిది, మరి తీర్పు ఎవరిది?

అమెరికా సైన్యంలో పనిచేసి బయటికొచ్చిన వాళ్ల దగ్గర డీడీ-214 అనే కాగితం ఉంటుంది. ఎప్పుడు చేరారు, ఎక్కడ పనిచేశారు, ఏ పతకాలొచ్చాయి, చివరికి ఎలా బయటికొచ్చారు, అంతా అందులోనే. డిశ్చార్జ్ ఏ రకమో చెప్పే ఆ ఒక్క గడి మిగతా జీవితమంతా వెంట నడుస్తుంది. ‘ఆనరబుల్’ (గౌరవప్రదం) అని ఉంటే పర్వాలేదు. ఒక్క మెట్టు కిందకి దిగి ‘జనరల్’ అని ఉన్నా జీఐ బిల్ కింద వచ్చే చదువు డబ్బు పోతుంది. ‘అదర్ దాన్ ఆనరబుల్’ అయితే మాజీ సైనికుల ఆసుపత్రి గడప దగ్గరే ప్రశ్నలు మొదలవుతాయి, కొత్త ఉద్యోగానికి వెళ్లిన చోట ఆ కాగితం చూపించమంటే తల దించుకోవాలి.

ఆ గడిలో పడింది తప్పయితే దిద్దడానికి బోర్డులున్నాయి. ఆర్మీకి ఒకటి, మెరైన్లతో కలిపి నేవీకి ఒకటి, ఎయిర్ ఫోర్స్‌కి ఒకటి, హోమ్‌లాండ్ సెక్యూరిటీ శాఖ కింద ఉండే కోస్ట్ గార్డ్‌కి ఇంకొకటి. ఇవి రాకముందు ఒక సైనికుడి రికార్డు మార్చడం కోసం కాంగ్రెస్ ఏకంగా ఒక ప్రైవేటు బిల్లు పాస్ చేయాల్సి వచ్చేది. అలాంటి బిల్లులు కుప్పలు తెప్పలుగా వచ్చి పడుతుంటే 1946లో కాంగ్రెస్ వాటికి తలుపు మూసేసి, ఈ పని సైనిక శాఖల సెక్రటరీలకు అప్పగించింది. ఒక షరతు పెట్టింది, యూనిఫాం వేసుకున్న వాళ్లు కాదు, సివిలియన్లు కూర్చున్న బోర్డు ద్వారానే చేయాలని.

చట్టం రాసిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది. రికార్డులో పొరపాటు ఉంటే దిద్దమంది, అన్యాయం ఉంటే తీసెయ్యమంది. రెండూ వేర్వేరుగా చెప్పింది. అంటే రూల్ ప్రకారం అంతా సరిగ్గానే జరిగినా సరే, మనిషికి అన్యాయం జరిగిందనిపిస్తే బోర్డు దిద్దవచ్చు. ఇంత విశాలమైన అధికారం మామూలు కోర్టుకి కూడా ఉండదు. (కోర్టు మార్షల్‌లో, అంటే సైనిక కోర్టులో, పడిన శిక్షను తగ్గించగలరు తప్ప నేరస్థుడన్న నిర్ధారణను కొట్టెయ్యలేరు, అది వేరే సంగతి.)

మరి ఆ అధికారం నిజంగా ఎవరి చేతిలో ఉంది? ముగ్గురు సభ్యులు ఓటేస్తారు. కానీ, ఉదాహరణకి ఆర్మీలో, ఆ సభ్యులు అదే శాఖలో పనిచేసే సివిలియన్ ఉద్యోగులు, వాళ్లకి వాళ్ల అసలు ఉద్యోగం ఉంటుంది, బోర్డు పని దానికి అదనం. దరఖాస్తు చేసుకున్న వాళ్లకి ఎదురుగా కూర్చుని మాట్లాడే హక్కు లేదు. హియరింగ్ ఇవ్వాలా వద్దా అన్నది బోర్డు ఇష్టం, చాలా అరుదుగా ఇస్తారు, దాదాపు అంతా కాగితాల మీదే నడుస్తుంది. ఆ కాగితాలన్నీ చదివి, సంబంధిత విభాగం నుంచి అడ్వైజరీ ఒపీనియన్ (సలహా) తెప్పించి, దానికి దరఖాస్తుదారుడి జవాబు తీసుకుని, ‘ఇదీ కేసు, ఇదీ నిర్ణయం’ అని డ్రాఫ్ట్ రాసేది సిబ్బంది. కొన్ని బోర్డుల్లో అనలిస్టులు, కోస్ట్ గార్డ్ బోర్డులాంటి చోట లాయర్లు. లాయర్లున్న చోట ఆ డ్రాఫ్ట్‌ని చూసి సరే అనేది లేదా తిప్పి పంపేది వాళ్ల పైన ఉండే సూపర్‌వైజింగ్ లాయరు.

నా వాదన అంతా ఈ ఒక్క మనిషి గురించే. ముగ్గురి ముందుకు ఫైలు వెళ్లేసరికి కథ ఎలా చెప్పాలో, ఏ సాక్ష్యం ముందుకు రావాలో, ఏది ఒక్క లైనులో తేలిపోవాలో అప్పటికే నిర్ణయమైపోయి ఉంటుంది. అది నిర్ణయించే చోట పర్యవేక్షణ ఎంత గట్టిగా ఉంటే న్యాయం అంత గట్టిగా ఉంటుంది.

ఇక్కడ ఒక అలవాటు అడ్డొస్తుంది. ప్రభుత్వ లాయర్ల పని ఎక్కువగా ప్రభుత్వాన్ని కాపాడటం. ఎవరైనా కేసు వేస్తే మన శాఖ చేసింది రూల్ ప్రకారమేనని నిరూపించడం. ఆ కళ్లతోనే ఈ ఫైలు చూస్తే పొరపాటు ఉందా లేదా అని వెతుకుతారు, లేదని తేలగానే మూసేస్తారు, అన్యాయం అన్న రెండో మాట దగ్గరికి అసలు రారు. 1959లో ప్రభుత్వం మీద వేసే దావాలు వినే కోర్ట్ ఆఫ్ క్లెయిమ్స్ కాడింగ్టన్ కేసులో చెప్పింది దీనికి పూర్తిగా ఎదురు. జరిగిందని చెబుతున్న అన్యాయం అసలు స్వరూపం ఏమిటో వీలైనంత వరకు తెలుసుకుని, తగిన ఉపశమనం పూర్తిగా ఇవ్వడం సెక్రటరీల మీద, వాళ్ల బోర్డుల మీద ఉన్న నైతిక బాధ్యత అంది. బోర్డు లాయరు అవతలి పక్షం వకీలు కాడు. ఈ ముక్క జూనియర్లకి రోజూ గుర్తు చేయాల్సింది సూపర్‌వైజరే.

వియత్నాం మాజీ సైనికుల సంగతి తీసుకోండి. ఆ యుద్ధం 1975లో ముగిసింది. యుద్ధంలాంటి భయంకర అనుభవాల తర్వాత మనసుని వదలకుండా వేధించే పీటీఎస్‌డీ అనే రోగానికి అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలో చోటు దొరికింది 1980లో. అంటే యుద్ధం నుంచి తిరిగొచ్చి నిద్రపట్టక, తాగి, డ్యూటీకి రాకుండా తిరిగి, చివరికి చెడ్డ డిశ్చార్జ్‌తో గెంటించుకున్న కుర్రాడి రికార్డులో ఆ రోగం పేరు ఉండే అవకాశమే లేదు. అందులో ఉన్నది ‘దుష్ప్రవర్తన’ అన్న మాట మాత్రమే. ముప్పై నలభై ఏళ్ల తర్వాత అతను దరఖాస్తు పెడితే, సర్వీసులో ఉన్నప్పుడు రోగం ఉన్నట్టు ఆధారం లేదని తిప్పి పంపారు. ఎక్కడి నుంచి తెస్తాడు ఆధారం? కోర్టుల్లో కేసులు పడ్డాక 2014 సెప్టెంబరులో అప్పటి రక్షణ మంత్రి చక్ హేగెల్ ఒక మెమో ఇచ్చాడు, ఇలాంటి దరఖాస్తుల్ని ఉదారంగా చూడమని. 2017 ఆగస్టులో ఇంకో మెమో వచ్చి నాలుగు ప్రశ్నలు వేసుకోమంది. ఆ డిశ్చార్జ్‌ని క్షమించదగ్గదిగా చేయగల, లేదా దాని తీవ్రత తగ్గించగల రోగం గానీ అనుభవం గానీ ఉందా, అది సర్వీసులో ఉన్నప్పటిదేనా, నిజంగా అది ఆ పని చేస్తుందా, ఆ డిశ్చార్జ్ కంటే దాని బరువు ఎక్కువా. తర్వాత కాంగ్రెస్ ఈ ఉదార దృష్టిని చట్టంలోనే పెట్టింది.

కానీ మెమో తనంతట తాను ఫైలు చదవదు. ఆ నాలుగు ప్రశ్నల్ని డ్రాఫ్ట్‌లో కాపీ చేసి, కింద నాలుగింటికీ ‘లేదు’ అని రాసి పంపడం ఎవరికైనా సులువే. ఆ ‘లేదు’ ఎందుకో చెప్పావా, అతని భార్య రాసిన ఉత్తరం చదివావా, తోటి సైనికుడి వాంగ్మూలాన్ని ఎందుకు నమ్మలేదో రాశావా అని అడిగి ఆ డ్రాఫ్ట్‌ని వెనక్కి పంపాల్సింది సూపర్‌వైజర్. 1995లో వాషింగ్టన్ డీసీలోని ఫెడరల్ అప్పీల్ కోర్టు డిక్సన్ కేసులో ఆర్మీ బోర్డుని సరిగ్గా ఇందుకే తప్పుపట్టింది. తప్పు తెలిసిన మూడేళ్లలోపు దరఖాస్తు పెట్టాలన్నది రూలు, న్యాయం కోసం అవసరమైతే ఆ గడువుని బోర్డు సడలించవచ్చు. సడలించం అని బోర్డు అన్నది, ఎందుకో చెప్పలేదు, అందరికీ వాడే పడికట్టు వాక్యాలే పెట్టింది. కారణం చెప్పమని కోర్టు తిప్పి పంపింది.

అన్నీ కోర్టులు చూసుకుంటాయిలే అనుకోవడానికి లేదు. ఈ బోర్డుల నిర్ణయాల విషయంలో ఫెడరల్ కోర్టులు మామూలు కంటే ఎక్కువ వెసులుబాటు ఇస్తాయి, మరీ మొండిగా, కారణం లేకుండా ఉంటే తప్ప వేలు పెట్టవు. పైగా అక్కడిదాకా వెళ్లే శక్తి ఎంతమందికి ఉంటుంది? చాలామందికి బోర్డు దగ్గర కూడా లాయరు ఉండడు, ఈ దరఖాస్తుకి వాడే ఫారం 149 తామే నింపి పంపుతారు. అలాంటి మనిషి ఫైలుని తప్పు పట్టుకోవాలన్న ఉద్దేశంతో చివరిసారి చదివేది ఆ సూపర్‌వైజర్ ఒక్కరే.

సెయింట్ లూయీస్ అగ్నిప్రమాదం గురించి కూడా చెప్పాలి. 1973 జూలై 12న అక్కడి జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రం కాలిపోయింది. 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల ఫైళ్లు బూడిదయ్యాయి. 1912 నవంబరు నుంచి 1960 జనవరి మధ్య ఆర్మీ నుంచి బయటికొచ్చిన వాళ్ల రికార్డుల్లో దాదాపు 80 శాతం పోయాయి, నకళ్లు లేవు. ఇటు బోర్డు నియమమేమో ప్రభుత్వం చేసింది సక్రమమేననే అనుకుని మొదలవుతుంది, కాదని నిరూపించే భారం దరఖాస్తుదారుడిది. కాగితం కాలింది ప్రభుత్వం గోడౌన్లో, లెక్క అడిగేది ముసలాయన్ని. ఇలాంటి ఫైలులో ‘ఆధారాలు సమర్పించలేదు’ అన్న వాక్యం కనిపిస్తే నేనైతే ఆ డ్రాఫ్ట్ అక్కడే ఆపేస్తాను.

మనవాళ్లకీ దీనితో సంబంధం ఉంది. 2009లో మొదలైన మావ్ని అనే పథకం కింద గ్రీన్‌కార్డు లేకపోయినా కొన్ని భాషలు వచ్చినవాళ్లని, వైద్య నైపుణ్యం ఉన్నవాళ్లని సైన్యంలో చేర్చుకున్నారు, పౌరసత్వం త్వరగా ఇస్తామన్నారు. చదువుకోవడానికి వెళ్లిన భారతీయులు, తెలుగువాళ్లు కూడా అలా చేరారు. 2016లో కొత్తగా చేర్చుకోవడం ఆగింది, సెక్యూరిటీ తనిఖీలు ఏళ్ల తరబడి సాగాయి, 2018లో కొందరిని కారణం సరిగ్గా చెప్పకుండానే పంపించేశారన్న ఫిర్యాదులు కోర్టుకెక్కాయి. శిక్షణ కూడా మొదలవకముందే పంపితే కాగితం మీద మంచీ రాయరు, చెడూ రాయరు. పౌరసత్వమేమో గౌరవప్రదమైన సేవతో ముడిపడి ఉంది. వీసా గడువు దాటిపోయిన కుర్రాడికి ఆ ఖాళీ గడి ఎంత టెన్షనో వేరే చెప్పక్కర్లేదు.

గడువుల ఒత్తిడి ఉందని నాకూ తెలుసు. పది నెలల్లో 90 శాతం దరఖాస్తులు తేల్చాలని, ఏదీ 18 నెలలు దాటకూడదని చట్టమే అంటోంది. ఎనభై ఏళ్ల మనిషిని ఇంకా ఆగమనడం కూడా అన్యాయమే కాబట్టి ఆ గడువు ఉండాల్సిందే. కానీ సూపర్‌వైజర్ పనితనాన్ని నెలకి ఎన్ని ఫైళ్లు కదిలాయన్న లెక్కతోనే కొలిస్తే వాళ్లు ఫైళ్లే కదుపుతారు. ఎన్ని డ్రాఫ్టులు తిప్పి పంపారు, కోర్టుల నుంచి ఎన్ని వెనక్కొచ్చాయి, ఒకే పేరా ఎన్ని తిరస్కరణల్లో మక్కీకి మక్కీ కనిపిస్తోంది, ఇవీ లెక్కించాలి. జూనియర్ డ్రాఫ్ట్ కంటే ముందు దరఖాస్తుదారుడి ఉత్తరం చదవడం నియమంగా పెట్టాలి.

ఇంకొకటి. బయటి విభాగాలు ఇచ్చే సలహాల్ని, కొన్ని మినహాయింపులు పోను, దరఖాస్తుదారుడికి చూపించాలని చట్టం ఉంది. లోపలి డ్రాఫ్ట్ మాత్రం అతని కంట పడదు, దాన్ని ఎవరు రాశారో, ఎవరు సరే అన్నారో తెలియదు. ప్రతి నిర్ణయం చివర దాన్ని సమీక్షించిన లాయరు పేరు, ఫైలు పూర్తిగా చదివిన తేదీ వేయాలి. సిబ్బందిని ఇబ్బంది పెడతారని అభ్యంతరం చెబుతారు, కానీ ఇంతకంటే కోపం తెప్పించే తీర్పుల కింద జడ్జీలు రోజూ పేరు పెట్టి సంతకం చేస్తూనే ఉన్నారు.