కేబుల్ మార్చొచ్చు సరే, దాని మీది మంచు మాటేంటి?

స్కాట్లాండ్‌లో ఫోర్త్ నది సముద్రంలో కలిసే చోట 2017 ఆగస్టు 30న వాహనాలకు తెరిచిన క్వీన్స్‌ఫెర్రీ వంతెన గురించి ఎవరు రాసినా ఎత్తుతోనే మొదలుపెడతారు. 200 మీటర్లు దాటిన మూడు టవర్లు, 2.7 కిలోమీటర్ల పొడవు. నిజానికి చూడాల్సింది కేబుల్ లోపల ఏముందన్నది.

పక్కనే ఉన్న 1964 నాటి వేలాడే వంతెన భారమంతా రెండు ప్రధాన కేబుళ్ల మీదే. ఒక్కోదానిలో 11,618 తీగలు. 2004లో విప్పి చూస్తే తుప్పు, తెగిన తీగలు కనబడ్డాయి. బలం 8 నుంచి 10 శాతం తగ్గిందని లెక్క తేలింది. వంతెనను ఏళ్ల తరబడి ఇబ్బంది పెట్టకుండా ఆ కేబుల్ మార్చే దారి లేదు. కొత్త వంతెన ఆలోచనకు ఊపిరి పోసింది ఈ భయమే. (కేబుల్ లోపలికి పొడి గాలి పంపి తుప్పును అదుపు చేయడం తర్వాతి సంగతి.)

కొత్తదానికి టవర్ల నుంచి నేరుగా రోడ్డును పట్టుకునే 288 కేబుళ్లు. ఒక్కో కేబుల్ గొట్టంలో పక్కపక్కనే సాగే స్ట్రాండ్ల (ఉక్కు తీగలు పేనిన తాళ్ల) కట్ట, ప్రతి స్ట్రాండ్‌కూ విడిగా రక్షణ పూత. ఒకటి పాడైతే దాన్నొక్కదాన్నే జాకీతో వదులు చేసి లాగేయొచ్చు, కొత్తది ఎక్కించొచ్చు. ఈలోగా కింద బండ్లు నడుస్తూనే ఉంటాయి.

మధ్య టవర్‌ది వేరే చిక్కు. చివరి టవర్లను ఒడ్డువైపు కేబుళ్లు పియర్లకు (వంతెన కింది స్తంభాలకు) బిగించి పట్టుకుంటాయి, దీనికి ఆ ఆసరా లేదు. ఒక స్పాన్ (రెండు టవర్ల నడుమ భాగం) నిండా లారీలుండి రెండోది ఖాళీగా ఉంటే బరువు వైపు ఒరుగుతుంది. అందుకే 650 మీటర్ల స్పాన్ల నడుమ రెండు టవర్ల కేబుళ్లనూ ఒకదాన్నొకటి దాటించారు. ఫొటోల్లో అందంగా కనిపించే ఆ అల్లిక అవసరం కొద్దీ పుట్టింది.

తప్పిందల్లా గొట్టం బయటి ఉపరితలం దగ్గర. 2020 ఫిబ్రవరిలో కేబుళ్ల నుంచి మంచు పెచ్చులూడి ఎనిమిది వాహనాలు దెబ్బతిన్నాయి, వంతెన మూసేశారు. సున్నా డిగ్రీల దగ్గర తడి మంచు గాలికి గొట్టానికి అతుక్కుంటుంది, కాస్త వేడి తగలగానే పట్టు వదులుతుంది. కేబుళ్లు రెండు దారుల నడుమే ఉన్నాయి కాబట్టి ఎటు ఊడినా కింద రోడ్డే. కెనడాలో వాంకూవర్ దగ్గరి పోర్ట్‌మాన్ వంతెన మీద 2012 డిసెంబరులోనే ఇలా జరిగింది. క్వీన్స్‌ఫెర్రీ డిజైన్ అప్పటికే ఖరారై ఉండొచ్చు, కానీ తెరవడానికి ఇంకా నాలుగేళ్లకు పైగా గడువుంది. పోర్ట్‌మాన్‌లో కేబుళ్ల వెంట కంకణాలు జార్చి మంచు రాలుస్తున్నారు. క్వీన్స్‌ఫెర్రీలో మాత్రం ప్రమాదం తర్వాతే మంచును పసిగట్టే సెన్సర్లు పెట్టారు.

ఇప్పుడు మంచు ముప్పుంటే బండ్లను మళ్లించే ఏర్పాటుంది. మళ్లించేది, కేబుల్ తుప్పు పట్టిందని పక్కనపెట్టిన ఆ 1964 వంతెన మీదికే.