నల్ల వడియాలు

విశాఖ వన్‌టౌన్‌లో ఉండేవాళ్లకు మిగతా ఊళ్లకు లేని ఒక సౌకర్యం ఉంది. బొగ్గు ఇంటికే వస్తుంది. బుక్ చేయక్కర్లేదు, ఓటీపీ చెప్పక్కర్లేదు. పొద్దున్నే చెప్పుల్లేకుండా డాబా ఎక్కి, నాలుగడుగులు వేసి, అరికాలు తిప్పి చూసుకుంటే సరుకు అందినట్టే.

మొన్న సంక్రాంతి ముందు మా ఆవిడ బూడిదగుమ్మడి వడియాలు పెట్టింది. తెల్లటి పాత పంచె పరిచి, బారులు తీర్చినట్టు వరసగా. మధ్యాహ్నానికి వాటి మీద సన్నసన్నగా నల్లచుక్కలు తేలాయి. పక్కింటి పిన్నిగారు పిట్టగోడ మీంచి తొంగిచూసి, "నువ్వులు కూడా వేశావేంటే అమ్మాయ్, మంచి పని చేశావ్" అన్నారు. మా ఆవిడ నా వంక చూసింది. నేను ఆకాశం వంక చూశాను.

ఇంతకీ ఈ దుమ్ము ఎవరిది? మా ఊళ్లో రేవుంది, రిఫైనరీ ఉంది, ఉక్కు ఫ్యాక్టరీ ఉంది, థర్మల్ కేంద్రాలున్నాయి, ఇవన్నీ చాలవన్నట్టు లారీలున్నాయి. ఎవరిని కదిపినా ఒకటే మాట: "మేం నీళ్లు చల్లుతున్నాం, టార్పాలిన్లు కప్పుతున్నాం, అది మాది కాదండీ." పెద్దమనుషులు, అబద్ధమెందుకు చెబుతారు? కాబట్టి ఇది అనాథ బొగ్గని నేను నిర్ధారణకు వచ్చాను. దిక్కులేనివాళ్లను చేరదీయడం మన సంప్రదాయం కనుక ఊపిరితిత్తుల్లో కాస్త చోటిచ్చాం.

నిజానికి తప్పంతా కొండలది. ఇటు సింహాచలం వరస, అటు యారాడ కొండ, మధ్యలో ఊరు గిన్నెలా కూర్చుంది. చలికాలం రాత్రుళ్లు కింద చల్లగాలి, దాని మీద వెచ్చని గాలి మూతపెట్టినట్టు నిలబడిపోతుంది. పొగ పైకి పోదు. ఎండ బాగా ఎక్కాక గానీ ఆ మూత లేవదు. సరిగ్గా ఆ మూత బిగిసి ఉండే ఐదు గంటలకే మేమంతా ఆరోగ్యం కోసం వాకింగ్‌కు బయలుదేరి, గుండెల నిండా పీల్చుకుని వస్తాం. కొండలకు నోటీసులివ్వాలని నా మనవి. కొన్ని కొండల విషయంలో పని ఇప్పటికే మొదలైందనుకోండి, అది వేరే సంగతి.

గాలి నాణ్యత సూచీలో 51 నుంచి 100 దాకా ఉంటే "సంతృప్తికరం" అంటారు. ఆ మాట పెట్టినవారెవరో గానీ వారికి పాదాభివందనం. సన్నటి ధూళి, అదే పీఎం 2.5, ఘనపు మీటరు గాలిలో రోజు సగటున 60 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చని 2009 నాటి మన ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 15 చాలంది. అంటే మనం నాలుగింతలు గట్టివాళ్లం. ఏడాది సగటుకు వస్తే వాళ్లది 5, మనది 40, అక్కడ ఎనిమిదింతలు. రోజుకు నాలుగింతలున్నవాళ్లం ఏడాది తిరిగేసరికి ఎనిమిదింతలవుతున్నామంటే, సాధన ఎక్కడికీ పోదన్నమాట.

ఇక జాగ్రత్తలు. కిటికీలు మూసుకోమంటారు. మూసుకున్నాం. లోపల దోమల కాయిల్, రెండు అగరుబత్తీలు వెలిగించుకుని బయటి పొగ నుంచి క్షేమంగా ఉన్నాం. పొడి చీపురుతో లేపకుండా తడిగుడ్డ పెట్టమంటారు. అది మాత్రం నిజంగా పనికొచ్చేది, ఆ బకెట్లో నీళ్లు చూస్తే తెలుస్తుంది. మాస్కు సంగతి మరీ ముచ్చట. తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతో ముప్ఫయ్యో వంతో ఉండే రేణువు కర్చీఫ్‌ను చూసి ఆగదు. ముఖానికి ఎక్కడా సందు లేకుండా అతుక్కున్న ఎన్-95 అయితే ఆపుతుంది. మేం దాన్ని గడ్డం కిందకు లాగి, గడ్డాన్ని కంటికి రెప్పలా కాపాడుకుంటున్నాం.

దగ్గు తగ్గట్లేదని డాక్టరు దగ్గరికెళ్తే, "సిగరెట్లు కాలుస్తారా?" అనడిగాడు.

"లేదండీ. డాబా మీద బట్టలు ఆరేస్తాను."

ఆయన తలెత్తకుండానే ఇన్‌హేలర్ రాసి, వీలైతే కొన్నాళ్లు గాలి మార్పు కోసం ఎక్కడికైనా వెళ్లిరమ్మన్నాడు. మార్చాల్సింది గాలినా, నన్నా అని అడుగుదామనుకున్నాను. బయట పాతికమంది దగ్గుతూ కూర్చున్నారు, అడగలేదు.

వచ్చే సంక్రాంతికి మా ఆవిడ అసలు సిసలు నల్లనువ్వులు కలిపే వడియాలు పెడుతుందట. ఏది నువ్వో ఏది బొగ్గో పిన్నిగారికీ తెలియదు, మాకూ తెలియదు.