రీలు కెమెరా వెనక తలుపు తీసిన స్టూడియో వారికి

ఈ సాయంత్రం పాస్‌పోర్టు ఫోటోల కోసం కర్నూలులో ఒక స్టూడియోకు వెళ్లాను. నా మెడలో 1993 నాటి క్యానన్ ఈఓఎస్ 500 రీలు కెమెరా ఉంది. కౌంటరు దగ్గరి కుర్రాడు "చూస్తా ఇయ్యండి సార్" అని తీసుకుని, నేను నోరు తెరిచేలోపే వెనక తలుపు తీసేసి, ట్యూబులైటు కింద మెరుస్తున్న రీలును వేలితో తడుముతూ "కార్డు యాడ పెడతారు?" అన్నాడు.

కుర్రాడికి తెలియదు, వదిలేద్దాం. ఇరవై ఏళ్లు రీళ్లు కడిగి మేడ కట్టిన యజమానికి ఏమైంది? "ప్లాస్టిక్ డబ్బాకు ఇంత బాధెందుకు సార్, ఫోన్లో మళ్లీ తీసుకోండి" అని హాయిగా నవ్వాడు.

ప్లాస్టిక్ డబ్బాయే, కాదనను. రెండు సీఆర్123ఏ బ్యాటరీలు లేకపోతే షట్టరు కూడా కదలదు. వాటి కోసం ఊరంతా తిరిగితే ప్రతి దుకాణంలోనూ పెన్సిల్ సెల్లులే చేతిలో పెట్టారు. అయితే ఈ డబ్బా, రీలు వేయగానే మొత్తాన్నీ ముందే బయటికి లాగేసుకుని, ఫోటో తీసిన కొద్దీ ఆ ముక్కను తిరిగి వెలుతురు చొరని రీలు డబ్బీలోకి చుట్టేస్తుంది. కాబట్టి ఓర్వకల్లు రాళ్ల దగ్గర తీసిన 24 ఫోటోల్లో డబ్బీ మూతి దగ్గరున్న ఒకటో రెండో తప్ప మిగిలినవి చీకట్లో క్షేమంగా ఉన్నట్టే. పాడైనవి ఇంకా తీయని 12. చేత్తో తిప్పే పాత కెమెరా అయితే తీసినవన్నీ వెలుతురుపాలయ్యేవి.

అంటే పోయేవాటిని దాచే బుద్ధి ఆ డబ్బాకు ఉంది. ఈ పెద్దమనిషికి మాత్రం లేదు. 1998లో మా అక్క పెళ్లి నెగటివులను "మా దగ్గరే భద్రం" అని ఉంచుకున్నది ఈయనే. 2009 అక్టోబరు వరదలో మా ఆల్బం తడిసి, పుటలు విడదీస్తుంటే పంచె ఎగదోపుకుని వడ్డిస్తున్న మా నాన్న బొమ్మ మధ్య కాగితానికి అంటుకుని ఊడి వచ్చింది. నెగటివులు అడగడానికి పరుగెత్తితే "అవీ వరదలోనే పోయాయి సార్" అన్నాడు. అప్పట్లో ఆయన గోదాము రెండో అంతస్తులో ఉండేది, తుంగభద్ర నీరు అక్కడి మెట్లు కూడా ఎక్కలేదు.

ఈ రోజు పాస్‌పోర్టు ఫోటోలకు పూర్తి డబ్బు తీసుకున్నాక, ఫైలును నా ఫోనుకు పంపమని అడిగాను. "సిస్టంలో భద్రంగా ఉంటుంది సార్, ఎప్పుడు కావాలన్నా అడగండి" అన్నాడు.